దోమలకు మనిషున్నాడు, ఇళ్లకు లేడు

2023 జూన్ 16న హైదరాబాద్‌లో వార్డు ఆఫీసులు మొదలుపెట్టారు. 150 వార్డులకూ ఆఫీసు, ఆఫీసుకు పదిమంది సిబ్బంది, ఇకమీదట జనం సర్కిల్ ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదన్నారు. మా గాంధీనగర్‌కూ ఒకటి వచ్చింది. ఆ పదిమంది ఎవరో చూడండి. వార్డుకు పెద్దగా ఒక అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. రోడ్లకు ఒకరు, ఇంటి ప్లాన్లకు ఒకరు, చెత్తకు ఒక జవాను, దోమలకు ఒకరు, చెట్లకు ఒకరు, మహిళా సంఘాలకు ఒకరు, నల్లాకు ఒకరు, కరెంటుకు ఒకరు, వచ్చినవాళ్ల గోడు ఎక్కించుకోవడానికి కంప్యూటర్ ముందు ఒకరు. పదిమందీ సరిపోయారు. ఇళ్లకు ఎవరూ లేరు.

పొరపాటున మరిచిపోయారనుకుందామంటే కుదరదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరంలో సర్కారు కట్టిచ్చే డబుల్ బెడ్‌రూం ఇళ్ల కోసం ఏడు లక్షల పైచిలుకు దరఖాస్తులు పడి ఉన్నాయి. వడపోసి అర్హులని తేల్చినవే మూడున్నర లక్షలు. కడతామన్నవి లక్ష. 150 వార్డులకు పంచి చూసుకుంటే వార్డుకు నాలుగున్నర వేలకు పైగా కుటుంబాలు ఇల్లు కావాలని కాయితం పెట్టుకుని కూర్చున్నాయి. అంతమంది అడుగుతున్న దానికి వార్డులో ఒక్క కుర్చీ వెయ్యలేదు. దోమల గురించి చెబితే పొగ మిషను వస్తుంది. ఇంటి గురించి అడిగితే “అది మా పరిధి కాదమ్మా” అంటారు. వాళ్లనేం అనగలం? నిజంగానే వాళ్ల పరిధి కాదు. మరి ఎవరి పరిధి? ఈ మాట అడిగితే సర్కిల్ ఆఫీసు నుంచి సచివాలయం దాకా ఒక్కడూ “నాది” అనడు.

మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పనిచేసే అక్క ఒకామె ఉంది. హుస్సేన్‌సాగర్ నాలా పక్కన బస్తీలో ఒంటిగది అద్దెకుంటుంది. 2020 అక్టోబరు వానలకు దోమలగూడ, అశోక్‌నగర్, అరవింద్‌నగర్ నీళ్లలో మునిగినప్పుడు ఆమె గది కూడా మునిగింది. మా సెల్లార్లలో కార్లు తడిసిన సంగతి మేం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆమె బియ్యం తడిసిన సంగతి ఆమె కూడా చెప్పుకోదు. ఆమె దగ్గర ఒక పాలిథీన్ కవర్ ఉంది. అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, ఎప్పుడో డబుల్ బెడ్‌రూం ఇంటికి పెట్టుకున్న దరఖాస్తు తాలూకు మీసేవ చీటీ, దాని మీద ప్రజాపాలన రసీదు. మీసేవ చీటీ మీది అక్షరాలు వెలిసిపోతుంటే, పూర్తిగా పోకముందే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌కు లామినేషన్ చేయించింది. అంటే ఏ ప్రభుత్వమైనా రావచ్చు, ఏ పథకమైనా పోవచ్చు, తన కాయితం మాత్రం చెదలు పట్టకుండా ఉండాలని ఆమె జాగ్రత్త. ఈ రాష్ట్రంలో ఇళ్ల వ్యవహారానికి సంబంధించి పాత రికార్డును భద్రంగా దాచిన ఆఫీసు నాకు తెలిసి ఆ కవరొక్కటే.

ఆమెకు తోడుగా ఒక సర్కారు ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, చెప్పినా తేడా లేదు. కంప్యూటర్ ముందు ఇరవై అయిదేళ్ల కుర్రాడు. మర్యాదగానే మాట్లాడాడు. నంబరు కొట్టి చూశాడు.

“అమ్మా, మీది ఎల్-టూలో ఉంది.”

“అంటే ఏంది బిడ్డా?”

“జాగ లేనోళ్ల లిస్టు. ఇప్పుడు జాగ ఉన్నోళ్లకే ఇస్తున్నరు.”

“జాగ ఉంటే నేను ఇల్లెందుకు అడుగుత?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. “మరి పాతది, డబుల్ బెడ్‌రూంకు పెట్టింది?” అని ఆమె లామినేషన్ కాయితం చూపించింది. “అది పాత గవర్నమెంట్‌దమ్మా, ఇందులో కనపడదు” అన్నాడు. “ఎవరిని అడగాలె?” “పైన అడగాలె.” ఆ బిల్డింగుకు పైన ఇంకో అంతస్తు ఉంది. ఆమె అమాయకంగా మెట్లవైపు చూసింది. కుర్రాడు నవ్వలేదు, అది మాత్రం అతని సంస్కారం. బయటికొస్తూ అడిగితే తెలిసింది, అతను అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషే, జీతం రెండు నెలలుగా రాలేదట.

ఆ ఎల్-టూ ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. ఇంటికోసం అడిగినవాళ్లను తర్వాత మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-వన్. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్-టూ. మిగతావాళ్లు ఎల్-త్రీ. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పథకం ముందు ఎల్-వన్‌కు. జాగా ఉన్నవాడికి నాలుగు విడతల్లో అయిదు లక్షలు. పునాదికి లక్ష, గోడలకు లక్షా పాతిక, స్లాబుకు లక్షా డెబ్బై అయిదు, పూర్తయ్యాక లక్ష. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. ఊళ్లలో ఇది పనికొస్తుంది, కాదనను. పెంకుటిల్లు కూలిన జాగాలో స్లాబు పడటం చిన్న విషయం కాదు. కానీ చిక్కడపల్లిలో, నారాయణగూడలో, గాంధీనగర్‌లో సొంత జాగా ఉన్న పేదవాడెవడు? ఇక్కడ గజం ధర ఎంతో తెలిసి కూడా గ్రామానికి కుట్టిన చొక్కానే బస్తీకి తొడిగారు. బస్తీల్లోనే జీ ప్లస్ త్రీ కడతామని 2025లో చెప్పారు. చెప్పారు.

పథకం తప్పు పథకానిది. నా పోరు అంతకంటే కింద ఉన్నదాని మీద. ఇళ్లు కట్టే సంస్థ అనేది ఒకటి ఉండాలి కదా, ప్రభుత్వాలు వచ్చిపోతున్నా అది నిలబడాలి కదా, దానికి నౌకర్లుండాలి, పుస్తకాలుండాలి, జవాబు చెప్పే తల ఉండాలి. హైదరాబాద్‌కు అలాంటిది లేక కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలమంది పోయాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. మురికివాడలు తీసి, రోడ్లు వెడల్పు చేసి, పేదలకు, చిన్న జీతగాళ్లకు వరసగా ఇళ్లు కట్టింది ఆ బోర్డు. దానికి రాకుమారుడు మొజంజా అధ్యక్షుడిగా ఉన్నాడు, ఆయన పేరే మొజంజాహీ మార్కెట్‌కు నిలిచింది. రాచరికపు బోర్డు, దాన్ని జవాబుదారీ అనలేం, అయినా అది ఎక్కడుందో, అధ్యక్షుడెవరో ఊరికి తెలుసు. తర్వాత 1956 హౌసింగ్ బోర్డు చట్టం, ఆ చట్టం కింద 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు. మొజంజాహీ మార్కెట్‌కు కూతవేటు దూరంలో నాంపల్లి గృహకల్ప. విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డి నగర్, కూకట్‌పల్లి, మా పక్కనే బాగ్‌లింగంపల్లి క్వార్టర్లు, ఇవన్నీ దాని చేతుల మీదుగా లేచాయి. బలహీన వర్గాల ఇళ్లకని 1979లో హౌసింగ్ కార్పొరేషన్ వేరే పెట్టారు. మధ్యతరగతికని 2007లో రాజీవ్ స్వగృహ ఇంకొకటి.

సింగపూర్‌లో హౌసింగ్ బోర్డు పుట్టింది కూడా 1960లోనే. ఆ దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఇవాళ ఆ బోర్డు కట్టిన ఇళ్లలో ఉంటున్నారు. మన బోర్డు అదే వయసుది. ఇప్పుడు వార్తల్లో దాని పేరు వినపడేది వేలంపాటల్లో. 2025 ఆగస్టులో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఏడెకరాల పైచిలుకు జాగా ఒక పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీకి దాదాపు 547 కోట్లకు అమ్మారు. ఎకరం 70 కోట్లు. సర్కారు సంబరపడింది. ఒకప్పుడు దిగువ ఆదాయ వర్గాల వాళ్లకు ఇళ్లు కట్టమని పుట్టించిన బోర్డు ఆ జాగాలో ఎన్ని ఇళ్లు కట్టేదో లెక్కవేసిన పుణ్యాత్ముడు అసెంబ్లీలో ఎవరైనా ఉన్నాడా? ఎల్-టూలో ఉన్నవాళ్లకు జాగా లేదంటారు. జాగా బోర్డు దగ్గర ఉంది. బోర్డు దాన్ని అమ్ముతోంది.

హౌసింగ్ కార్పొరేషన్ కథ ఇంకా హీనం. 2006లో మొదలైన పాత ఇందిరమ్మ ఇళ్లలో కట్టని ఇళ్లకు బిల్లులు తీసుకున్నారన్నది ఆరోపణ. రాష్ట్రం విడిపోయిన ఏడాది, 2014లోనే, సీఐడీ విచారణ వేశారు. దొంగను పట్టుకుంటారేమో అనుకుంటే సంస్థనే పక్కన పెట్టారు. ఇంజినీర్లను ఇతర శాఖలకు డిప్యుటేషన్ల మీద పంపారు. చివరికి గత ప్రభుత్వ హయాంలోనే గృహనిర్మాణ శాఖను రోడ్లు, భవనాల శాఖలో కలిపేశారు. రెండు పడకగదుల ఇళ్లే మా ప్రతిష్ఠ అని చెప్పుకున్న ప్రభుత్వం ఇళ్ల శాఖను మూసేసింది, వినడానికే వింతగా లేదూ? 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. మళ్లీ శాఖకు మంత్రి, మళ్లీ కార్పొరేషన్‌కు బోర్డు, వెళ్లినవాళ్లను వెనక్కి పిలవడం. పదేళ్లలో వెళ్లినవాళ్లు ఎంతమంది రిటైరయ్యారో, ఎంతమంది వేరేచోట కుదురుకున్నారో ఊహించుకోవచ్చు. పని తెలిసిన చేతులు వంటింట్లో డబ్బాల్లా మూత పెట్టి అటక మీద దాచుకుంటే ఉండేవి కావు. చెదిరిపోతాయి.

మరి కొత్తవాళ్లను ఎలా తెచ్చారు? ఇక్కడికి వచ్చేసరికి మా వీధులు గుర్తొచ్చి కడుపు మండుతుంది. అశోక్‌నగర్ అంటే తెలుగునాట తెలియనివాళ్లు లేరు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి అశోక్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు, టీ బండి దగ్గర కరెంట్ అఫైర్స్. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున తలుపు తీయకముందే పుస్తకాల సంచులు వరసలో కూర్చుంటాయి, మనిషికి బదులు సంచి. వాళ్లలో సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు బోలెడు మంది. అసిస్టెంట్ ఇంజినీరు కొలువు వస్తే చాలు, ఏ శాఖైనా సరే. 2022లో 833 పోస్టులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చింది. 2023 మార్చి 5న పరీక్ష పెట్టింది. పేపరు అమ్ముడుపోయిందని తేలి పది రోజుల్లో రద్దు చేసింది. అక్టోబరులో మళ్లీ రాయించింది. ఆ ఏడాదంతా ఈ వీధుల్లో పిల్లల ముఖాలు చూసినవాళ్లం మేం.

ఇక్కడ ఇంజినీర్లు ఇలా పడిగాపులు కాస్తుండగా, హిమాయత్‌నగర్‌లో, అంటే లైబ్రరీ నుంచి నారాయణగూడ దాటితే వచ్చే ఆఫీసులో, హౌసింగ్ కార్పొరేషన్ ఏం చేసింది? 2025లో అవుట్‌సోర్సింగ్ మీద అసిస్టెంట్ ఇంజినీర్లను వందల్లో తెచ్చుకుంది. పథకం ఉన్నన్నాళ్లు పని, ఏజెన్సీ చేతి నుంచి జీతం. ఒక్కో ఇంటికి నాలుగు బిల్లులు, ఒక్కో బిల్లుకు ఆ ఇంజినీరు వెళ్లి కొలిచి, యాప్‌లో ఫొటో ఎక్కించాలి. అతను ఎక్కించకపోతే పేదవాడి స్లాబు ఆగిపోతుంది. ఇంత అధికారం చేతికిచ్చి, రేపు ఉంటాడో లేడో తెలియని కొలువిస్తే ఏమవుతుంది? ఇందిరమ్మ ఇంటి బిల్లుకు లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కినవాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో మీరూ చదివే ఉంటారు. లంచం తిన్నవాణ్ని నేను వెనకేసుకు రాను. కానీ రేపు గోడ బీటలిస్తే, కొలత తప్పని తేలితే, సంతకం పెట్టినవాడు ఎక్కడుంటాడు? అతని సర్వీసు రికార్డు ఏ బీరువాలో ఉంటుంది? 2014లో పాత ఇందిరమ్మ ఇళ్ల మీద విచారణ వేసినప్పుడు కూడా ఈ చిక్కే వచ్చి ఉంటుంది. ఇప్పుడు తెలిసి తెలిసి అదే గోతిలో కాలు పెడుతున్నారు.

పెత్తనం సంగతికొస్తే, హౌసింగ్ బోర్డు చైర్మన్‌ను ప్రభుత్వమే నియమిస్తుంది. నామినేటెడ్ పోస్టు అంటే మన దగ్గర ఏమిటో చెప్పనక్కర్లేదు. టికెట్ రానివాడికి, ఓడిపోయినవాడికి, అలిగినవాడికి ఇచ్చే కుర్చీ. అదీ నింపనప్పుడు ఖాళీగా ఉంటుంది, అప్పుడు ఒక ఐఏఎస్ అధికారే శాఖకూ, బోర్డుకూ, కార్పొరేషన్‌కూ అన్నిటికీ తానే అయి చూస్తాడు. శాఖ కార్యదర్శిగా తానే కార్పొరేషన్‌కు ఉత్తరం రాస్తే, కార్పొరేషన్ ఎండీగా తానే జవాబు రాసుకోవచ్చు. అధికారి మంచివాడే కావచ్చు, రాత్రింబవళ్లు పనిచేసేవాడే కావచ్చు, ఇంకో బదిలీ ఆర్డరుతో పోతాడు. కింద మాత్రం 2024 అక్టోబరులో ఇందిరమ్మ కమిటీలు వేశారు. ఊళ్లో సర్పంచో, ప్రత్యేకాధికారో, వార్డులో కౌన్సిలరో, కార్పొరేటరో అధ్యక్షుడు. ఇద్దరు మహిళా సంఘాల వాళ్లు, స్థానికులు ముగ్గురు, వార్డులో కన్వీనరుగా వార్డు అధికారి. కాయితం మీద చూడటానికి బాగుంది. కానీ ఆ ముగ్గురు స్థానికులు ఏ పార్టీ కండువా వాళ్లో ఏ వార్డులోనైనా చాయ్ బండి దగ్గర అడిగినా చెబుతారు. పేరు చేర్చమని అడిగే అధికారం వాళ్లకుంది, పేరు ఎందుకు పోయిందో చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. మా పని మనిషి అక్కను కమిటీ వాళ్లెవరైనా కలిశారా అని అడిగితే “కమిటీ అంటే ఓట్లప్పుడు వచ్చేటోళ్లేనా?” అంది.

అమెరికాలో ఊరికో, కౌంటీకో ఒక పబ్లిక్ హౌసింగ్ అథారిటీ ఉంటుంది. 1998లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, ఆ బోర్డులో ఆ సాయం నేరుగా పొందుతున్న మనిషి కనీసం ఒకరు సభ్యుడిగా ఉండాలి. అద్దెకున్న మనిషి ఆ అద్దె నిర్ణయించే బల్ల దగ్గర కూర్చుంటుంది. అక్కడంతా స్వర్గమని కాదు. న్యూయార్క్ హౌసింగ్ అథారిటీ ఇళ్లలో పెచ్చులూడే సీసం రంగుల మీద తనిఖీలు చేయకుండానే చేశామని అబద్ధం రాసింది. బాయిలర్లు చెడి అద్దెకున్నవాళ్లు చలిలో వణికారు. కానీ ఆ అబద్ధం చెప్పింది ఫలానా సంస్థ అని దొరికింది, 2019లో అక్కడి కేంద్ర ప్రభుత్వం దాని నెత్తిన ఒక పర్యవేక్షకుణ్ని కూర్చోబెట్టింది. మన దగ్గర అబద్ధం చెప్పడానికి కూడా ఒక సంస్థ నిలబడి ఉండదు. నిలబడి ఉంటే కదా కాలర్ పట్టుకునేది.

కొల్లూరు చూడండి. 15,660 ఇళ్లు, 117 బ్లాకులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల దాకా. 2023 జూన్ 22న ఆర్భాటంగా ప్రారంభించారు. కట్టింది జీహెచ్‌ఎంసీ ఇంజినీర్లు. భూమి చూపింది రెవెన్యూ. డబ్బు వచ్చింది హౌసింగ్ కార్పొరేషన్ దారిలో. పేర్లు తీసింది ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్. బిల్డింగులున్నది సంగారెడ్డి జిల్లాలో. అందులోకి పంపింది హైదరాబాద్ జనాన్ని. ఇప్పుడు లిఫ్టు ఆగితే, పదో అంతస్తులో మోకాళ్ల నొప్పుల ముసలమ్మ కిందికి దిగలేకపోతే, ఫోను ఎవరికి చెయ్యాలి? దుకాణాల అద్దెతో నిర్వహణ నడుస్తుందన్నారు, మీరే సంఘం పెట్టుకోండన్నారు. వందల కుటుంబాలు లాటరీలో ఒకరికొకరు తెలియకుండా వచ్చి పడ్డ చోట, మోటారు కాలిపోయిన రోజు సంఘం ఎలా పుడుతుంది? మేం పదహారు ఫ్లాట్ల వాళ్లం, అందరం చదువుకున్నవాళ్లం, నీళ్ల ట్యాంకర్ డబ్బులు పంచుకోవడానికి వాట్సాప్‌లో కొట్టుకుంటాం.

పైగా దూరం. చిక్కడపల్లిలో పొద్దున ఆరింటికి వాకిలి ఊడ్చే మనిషిని ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతల కొల్లూరుకో, కీసర దగ్గర అహ్మద్‌గూడకో, రాంపల్లికో, మహేశ్వరం దగ్గర మన్సాన్‌పల్లికో పంపిస్తే ఆమె ఇల్లు దక్కించుకుని కూలి పోగొట్టుకుంటుంది. అందుకే తాళాలు. ఇల్లు ఇచ్చినా ఉండటం లేదు, అద్దెలకిచ్చుకుంటున్నారు అని తనిఖీలు చేసి నోటీసులు ఇస్తున్నారు. తాళం ఎందుకు వేసిందో అడిగే ఉద్యోగి లేడు, తాళం వేసిందని రాసుకునే ఉద్యోగి ఉన్నాడు.

ఇదేమీ చేతకాని పని కాదు. మాకు దగ్గర్లోనే భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాడుబడ్డ క్వార్టర్లు తీసేసి, ఉన్నచోటే 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. మా పక్క కవాడిగూడ లంబాడి తండాలో ఉన్నచోటే 126 ఇళ్లు కట్టి 2021 జనవరిలో ఇచ్చారు. అక్కడివాళ్లు పనులు పోగొట్టుకోలేదు, పిల్లల బడులు మారలేదు. బస్తీలోకి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి, ఎవరు పట్టాదారు, ఎవరు అద్దెమనిషి, కట్టేదాకా ఎవరెక్కడ ఉంటారు అని తేల్చడానికి నెలల తరబడి ఒక మనుషుల దండు కావాలి. అది లేదు కనుక ఊరవతల ఖాళీ భూమి చూసుకుని టవర్లు లేపారు. సిబ్బంది కొరతను కాంక్రీటుతో పూడ్చారు.

ఇక మన సంగతి. మన అంటే గాంధీనగర్, జవహర్‌నగర్, అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ల వాళ్లం. బాగ్‌లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్లలో మన పెద్దలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. గుమాస్తాలు, టీచర్లు, కండక్టర్లు, చిన్న జీతాల వాళ్లు వాయిదాల్లో కట్టి సొంతం చేసుకున్న ఎల్ఐజీ, ఎంఐజీ ఇళ్లు అవి. ఆనాడు ప్రభుత్వం జాగా సేకరించి, ఇంజినీర్లను పెట్టి, వాయిదాలకు ఇవ్వకపోతే మనలో సగం మంది ఈ చిక్కడపల్లిలో ఉండేవాళ్లమే కాదు. ఇవాళ ఆ ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, కింద హాస్టలు, పైన మనం. వాకింగ్‌లో ఇందిరాపార్కులో మనమే అంటాం: “ఊరికే ఇళ్లిస్తే సోమరులవుతారండీ.” పక్కన ధర్నాచౌక్‌లో ఇళ్లకోసం కూర్చున్న వాళ్ల మైకు వినపడుతుంటే “పొద్దున్నే గోల” అని విసుక్కుంటాం. 2017లో ఆ చౌక్‌నే మూసేస్తే మనలో కొందరు కాలనీ ప్రశాంతత దక్కిందని సంతోషించారు. 2018లో హైకోర్టు మళ్లీ తెరిపించింది, లేకపోతే ఆ గోల కూడా ఉండేది కాదు. మనకు దక్కిన బోర్డు తర్వాతివాళ్లకు దక్కకుండా ఎండిపోతుంటే ఒక్క కాలనీ సంఘం తీర్మానం చేసిందా? రిజిస్ట్రేషన్, క్రమబద్ధీకరణ, అదనపు అంతస్తు, వీటికి మాత్రం గృహకల్ప మెట్లెక్కుతాం.

రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. మురికివాడల మెరుగుదల, పట్టణ పేదరిక నిర్మూలన మునిసిపాలిటీల పనులని పన్నెండో షెడ్యూల్లో రాసుకున్నాం. ఎవరికి ఇల్లు రావాలో కలెక్టరు తేలుస్తాడు, ఎంతమందికో మంత్రి చెబుతాడు, ఎప్పుడో ముఖ్యమంత్రి ప్రకటిస్తాడు, కార్పొరేటరు రిబ్బను దగ్గర పక్కన నిలబడతాడు. హిమాయత్‌నగర్ హెడ్డాఫీసులో 2025 సెప్టెంబరులో ఇందిరమ్మ ఇళ్లకు కాల్ సెంటర్ పెట్టారు, టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చారు. పెట్టినందుకు సంతోషం. కానీ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆడమనిషి తన ఇంటి సంగతి తెలుసుకోవడానికి ఫోనులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని వినాలా? ఆమె చదువుకోలేదు. ఆ ఫోను నేను చేశాను. ఎల్-టూ అనే చెప్పారు.

అయ్యా, మంత్రిగారూ, కార్యదర్శిగారూ, ఏ కుర్చీలో ఎవరుంటే వాళ్లు. కొత్త పథకం పేరు అక్కర్లేదు, పాత పేర్లు మూడు నాలుగు ఇంకా అరగలేదు. వార్డు ఆఫీసులో పదకొండో కుర్చీ వెయ్యండి. అందులో అవుట్‌సోర్సింగ్ మనిషిని కాదు, కమిషన్ పరీక్ష రాసి పాసైన మనిషిని కూర్చోబెట్టండి, ఆ పిల్లలు మా వీధిలోనే టీ తాగుతున్నారు, వెతకక్కర్లేదు. 2015 నుంచి వచ్చిన ప్రతి దరఖాస్తూ, ఏ ప్రభుత్వానిదైనా, ఒకే పుస్తకంలోకి ఎక్కించి, వరస నంబరుతో గోడకు అంటించండి. హౌసింగ్ బోర్డు ఒక్క ఎకరం అమ్మినా ఆ డబ్బు ఏ బస్తీలో ఏ పునాదికి పోయిందో ఆ గోడ మీదే రాయండి. బోర్డులో ఒక సీటు ఎల్-టూ వాళ్లకివ్వండి, చీటీ వేసి తీసినా సరే, లాటరీలు మీకు అలవాటే. ఆ లామినేషన్ కాయితం పట్టుకుని మా అక్క వస్తే అది ఏ ప్రభుత్వానిదని అడగొద్దు.